ప్రతాపరుద్రుని కోట: ఉద్ధరణ మెంతవఱకు?

శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము మొదలుకొని కృష్ణానది లోతులోయ వఱకు వ్యాపించిన, నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిపై, మన్ననూరు ప్రాంతపు కొండలలో, జనులు ప్రతాపరుద్రుని కోట యని పిలుచు శిథిల ప్రాకార మొకటి కలదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున వెలువడిన ఇంపీరియల్ గెజెటియరు ఈ కోటను గుఱించి చెప్పినది మిక్కిలి స్వల్పము: అది పాడుపడినదనియు, ఒకప్పుడు పెద్ద దండునకు ఆశ్రయ మీయగలిగినంత విశాలమైనదనియు మాత్రమే. నూఱేండ్లకు పైబడి గడచిన పిమ్మటకూడ సామాన్య పాఠకునకు దొరకు సమాచారము ఆ రెండు ముక్కలకు మించి యంతగా పెరుగలేదు. పెరిగినవి గోడల నడుమ మొలచిన చెట్లు. అయినను శ్రీశైలయాత్రా మార్గమున పర్యాటకాభివృద్ధిని గుఱించి మాట వచ్చినప్పుడెల్ల ఈ కోటను పునరుద్ధరింపవలెనను కోరిక వినవచ్చుచునే యుండును. కోరిక మంచిదే. కాని దేనిని ఉద్ధరింపవలెనో, ఎచ్చట ఆగవలెనో ముందుగ నిశ్చయించుకొనక ఆ పనికి పూనుకొన్నచో మనకు దక్కునది కోట గాక, కోటపేరిట లేచిన క్రొత్తగోడ యగుననుటకు దేశవిదేశముల దృష్టాంతములు కావలసినన్ని యున్నవి. వానిని ఒకచో కూర్చి పరిశీలించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

మొదట పేరు సంగతి. కాకతీయ ప్రతాపరుద్రుడు 1289 మొదలు 1323 వఱకు ఓరుగల్లు నేలినవాడు. ఢిల్లీ సేనలకు చిక్కి, బందీగ పోవుచు, నర్మదాతీరమున దేహము చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. అట్లు అస్తమించిన రాజుపేరు జనుల నాలుకపై మాత్రము అస్తమింపలేదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కర్నలు మెకంజీ యాజ్ఞపై కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులు తిరుగవేసినచో, కర్నూలు సీమలో అడవులు కొట్టించి ఊళ్లు కట్టించినవాడెవడనగా ప్రతాపరుద్రుడు, చెఱువులు త్రవ్వించినవాడెవడనగా ప్రతాపరుద్రుడు. రాజ్యము కూలిన తరువాత తరములవారు తమ ఊరికి, తమ కరణికమునకు, తమ మాన్యమునకు ప్రాచీనతయు గౌరవమును కల్పించుకొనుటకై ఆ మహారాజు పేరును ఎట్లు ఆశ్రయించిరో సింథియా టాల్బట్ అను విదుషీమణి కాకతీయ యుగమును గుఱించిన తన గ్రంథమున సవిస్తరముగ చర్చించినది. కావున నల్లమల శిఖరముపై ఒక పాతగోడకు ప్రతాపరుద్రుని పేరుండుట ఆ గోడ ఆయన కట్టించినదే యనుటకు సాక్ష్యము కాజాలదు. కాదనుటకును సాక్ష్యము కాజాలదు. దుర్గములు ఒకరి కాలమున మొదలై, మఱియొకరి కాలమున పెరిగి, వేఱొకరి కాలమున మరమ్మతు పొందుట సర్వసామాన్యము. అట్లయినచో పునరుద్ధరణమన్నప్పుడు ఏ కాలపు కోటను మరల నిలువబెట్టుదుమను ప్రశ్న మొదటి రాయి ఎత్తకముందే ఎదురగును.

ఇంత దట్టమైన అడవిలో కోట యెందులకని కొందఱు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడనక్కరలేదు. ఇప్పుడు అడవిగ కనబడునదంతయు ఎల్లప్పుడు అడవియే యని యెంచుట పొరపాటు. కృష్ణ ఎడమగట్టున చంద్రగుప్తపట్టణమని పిలువబడు పురాతన నగర శిథిలములు కలవు. ఆ పట్టణము ఓరుగంటి రాజుల నాట ప్రసిద్ధమైయుండెనని ఆ గెజెటియరే వ్రాసినది. ఓరుగల్లునుండి శ్రీశైలమునకు, అచ్చటినుండి త్రిపురాంతకమునకు శైవభక్తులును, వారి వెనుక వర్తకులును, వారి వెనుక సైనికులును నడచిన త్రోవలు ఈ పీఠభూమిమీదుగనే పోయినవి. నదిని దాటు రేవులను, కొండనెక్కు కనుమలను కాచుకొన్నవాడు ఆ యాత్రామార్గమంతటికి యజమాని యగును. కోటలు దేశము నడుమనే కాక దేశము దేశమును తాకు అంచులలో పుట్టుటకు ఇదియే హేతువు. తరువాత రాజ్యములు మాఱి, త్రోవలు మాఱి, జనము దిగువ మైదానములకు తరలిపోగా అడవి తన చోటును తాను తిరిగి పుచ్చుకొన్నది. 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త చెంచుల పెంటలలో నివసించి వారి జీవితమును పరిశీలించి, 1943లో గ్రంథముగ వెలువరించునాటికి ఈ కొండలకు మిగిలిన కాపురస్థులు ప్రధానముగ ఆ చెంచులే. రాజు పోయిన తరువాత కోటకు ఇరుగుపొరుగుగ నిలిచినవారు వారేయను విషయము ముందు ముందు మనకు పనికివచ్చును.

ఇక ఫ్రాన్సు దేశమునకు పోవుదము. తెలుగువానికి ఫ్రెంచివాడును కోటయు ఒక్కమాటలో తలపునకు వచ్చుట 1757 జనవరిలో బుస్సీ బొబ్బిలిని కూల్చిన నాటి నుండియు గలదు గాని, కోటలు కూల్చుట, కట్టుట, కట్టినదానిని గుఱించి వాదులాడుకొనుట అను మూటియందును ఫ్రెంచివారు తమ యింటనే పండితులు. ఇచ్చట గణపతిదేవ చక్రవర్తి ఓరుగంటికి రాతికోట కట్టించుచున్న కాలముననే, పదుమూడవ శతాబ్ది పూర్వార్ధమున, ఉత్తర ఫ్రాన్సులో కూసీ ప్రభువైన మూడవ ఆంగెరాన్ ఏబది మీటర్లకు మించిన ఎత్తున ఒక మహాబురుజును లేపెను. ఐరోపాలో అంతటి బురుజు మఱియొకటి లేదని ప్రతీతి. దానికి అనతిదూరమున పియెర్‌ఫోన్ అను మఱియొక దుర్గమును పదునాల్గవ శతాబ్ది చివర ఓర్లియాన్ ప్రభువు లూయీ కట్టింపనారంభించెను. పియెర్‌ఫోను రాజద్రోహులకు నెలవైనందున 1617లో పదమూడవ లూయీ సేనలు దానిని ముట్టడించి, బురుజులు చీల్చి, కప్పులు పడగొట్టి విడిచిపెట్టినవి. దేశములోపలి దుర్గములు ప్రభువుల గర్వమునకు ఆటపట్టులగుచున్నవని 1626లో రాజశాసనముచేత అనేక కోటలను నిరాయుధము చేసిరి. ఆపైన 1789 విప్లవమున జనము బాస్టీల్ కోటను నేలమట్టము చేసినది. పల్లెలలో రైతులు ప్రభువుల కోటలలోకి చొరబడి శిస్తుపత్రములు తగులబెట్టిరి. ఇంత కూల్చిన దేశమే, కొన్ని దశాబ్దులలో, 1830ల నుండి, ప్రాచీన కట్టడముల సంరక్షణకు ప్రత్యేకముగ తనిఖీ అధికారిని, పిమ్మట సంఘమును ఏర్పఱచెను. ప్రాస్పెర్ మెరిమే అను కథకుడు ఆ తనిఖీదారు పదవిలో దేశమంతయు సంచారము చేసి పాడుగోడల జాబితాలు వ్రాసెను. కథలు వ్రాయువానికి రాళ్లపై అధికార మిచ్చుట మన ప్రభుత్వములకు ఎన్నడైన తోచునా యని నాకొక సందేహము.

ఆ సంరక్షణోద్యమమున పేరుమోసినవాడు వియోలె ల్యూ దుక్. 1857లో మూడవ నెపోలియను చక్రవర్తి పియెర్‌ఫోను శిథిలములను ఆయన చేతికి అప్పగించెను. మొదట రాజకుటుంబపు నివాసమునకు ఒక భాగము మాత్రము బాగుచేయుటయే తలంపు. క్రమముగ కోటయంతయు క్రొత్తగ లేచినది. శంఖాకారపు పైకప్పులు, చిత్రవిచిత్రమైన జంతుశిల్పములు, వీరవనితల విగ్రహములతో నిండిన సభామందిరము. వీనిలో ఎంత పాతది, ఎంత శిల్పి భావనలోనిది యని విడదీయుట సామాన్యునకు అలవికాదు. 1870లో చక్రవర్తి పదవి పోయినది, 1879లో శిల్పి పోయెను, 1885లో పని ఆగిపోయినది. ఒక కట్టడము ఏ కాలమునను నిజముగ పొందియుండని సంపూర్ణరూపమును దానికి కల్పించుటకూడ ఉద్ధరణలోని అంశమే యని వియోలె ల్యూ దుక్ సిద్ధాంతము. దానికి సరిగ ఎదురుదిక్కున ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లోనే, అట్టి ఉద్ధరణము కట్టడమునకు కలుగగల వినాశములలో ఘోరమైనదని వాదించియుండెను. రస్కిన్ మాటను అక్షరాల పాటించినచో సగము ప్రపంచము నేల కూలును. వియోలె ల్యూ దుక్ మాటను అక్షరాల పాటించినచో మిగిలిన సగము నాటకరంగ మగును. కాల్పనిక కథలు చిత్రీకరించు దూరదర్శన సంస్థవారు మెర్లిన్ అను మాంత్రికుని కథకు పియెర్‌ఫోనునే రంగస్థలముగ ఎన్నుకొనుట ఆ కోట స్వభావమునకు తగియేయున్నదని నా యభిప్రాయము.

కూసీ సంగతి ఇందుకు భిన్నము. 1917లో వెనుకంజ వేయుచున్న జర్మను సేన ఆ మహాబురుజును మందుగుండుతో పేల్చివేసెను. యుద్ధానంతరము ఫ్రెంచివారు దానిని తిరిగి కట్టింపలేదు. కట్టుటకు నేర్పును, నక్షాలును, ధనమును లేక కాదు. వియోలె ల్యూ దుక్ స్వయముగ కొలిచి గీసిన చిత్రములే యుండెను. కాని ఆ రాళ్లకుప్ప తానుగ ఒక చరిత్రఘట్టమైనదనియు, దానిని తుడిచివేసి నున్నని బురుజును నిలుపుట ఆ ఘట్టమును అబద్ధము చేయుటయే యనియు వారు నిశ్చయించుకొనిరి. ఒకే సీమలో ఒకే జాతి రెండు కోటలయెడ రెండు విధములుగ వ్యవహరించిన ఈ యుదాహరణము నాకు మిక్కిలి విలువైనదిగ తోచును, ఏలయన ప్రతికోటకు ప్రశ్న వేఱుగ వేసికొనవలెను గాని అన్నిటికిని ఒక్క మందు పూయరాదనుటకు దీనిని మించిన నిదర్శనము లేదు.

ఈ వాదప్రతివాదముల సారము మనదేశమునకు ఆలస్యముగనే యైనను చేరినది. పురావస్తుశాఖకు అధిపతియైన జాన్ మార్షల్ 1923లో వెలువరించిన సంరక్షణ నియమావళి, ఊహతో శిల్పము చెక్కించి అతికించుట తగదని, ఉన్నదానిని నిలుపుటయే ప్రధానమని అధికారులకు ఉపదేశించెను. 1964లో వెనిస్ నగరమున నిపుణులు కుదుర్చుకొన్న ఒడంబడిక, ఊహ మొదలైనచోట ఉద్ధరణము ఆగవలెనను నియమమును ప్రపంచమున కంతటికిని స్థిరపఱచెను. హైదరాబాదు సంస్థానమున 1914లో పురావస్తుశాఖ నెలకొని, గులాం యజ్దానీ యధ్యక్షతన అజంతా చిత్రములకు, ఎల్లోరాకు, తెలుగుసీమ ఆలయములకు కొంత రక్షణ కలిగెను. అయితే ఆ శాఖవారి దృష్టి దేవాలయములపైన, శాసనములపైన ప్రసరించినంతగా అడవికోటలపై ప్రసరింపలేదు. అది వారి దోషము కాదు. కోటకంటె గుడికి, గుడికంటె శాసనమునకు చరిత్రకారుడు సహజముగ మొగ్గును. అక్షరమున్నచోట అతనికి కూడు దొరకును. అమ్రాబాదు కోట అట్టి విందు పెట్టినట్లు ఇంతవఱకు వినలేదు.

మన సంప్రదాయమున జీర్ణోద్ధరణకు శాస్త్రము లేకపోలేదు. ఆగమములు ఆలయజీర్ణోద్ధరణను విపులముగ చెప్పినవి. విఱిగిన విగ్రహమును నీట విడిచి, క్రొత్తదానిని ప్రతిష్ఠించి, కుంభాభిషేకము చేసినచో ఆ గుడి పాతదియు క్రొత్తదియు అగును. దేవుడున్నంతకాలము గుడికి వయస్సుతో పనిలేదు. కోటకు అట్టి ప్రాణప్రతిష్ఠ లేదు. దానిని సజీవముగ నుంచినది దండు, దండు పోయినపిమ్మట మిగిలినది రాయి. అందుచేత ఆలయోద్ధరణలో మనము సంపాదించిన నేర్పును కోటలకు యథాతథముగ తెచ్చి పెట్టుట కుదరదు. ఆ నేర్పు మాత్రము తక్కువది కాదు. శ్రీశైల జలాశయము నిండినప్పుడు మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును, బాదామి చాళుక్యుల నాటి ఆ కట్టడమును, రాతిరాతికి సంఖ్య వేసి విప్పి, ఆలంపురమునకు తరలించి మరల కూర్చిరి. పాపనాశి గుళ్లును అట్లే ఒడ్డుకు వచ్చినవి. సురభివంశపు సంస్థానాధీశుల పాతరాజధానియైన జటప్రోలు నీట మునుగగా అచ్చటి ఆలయములు క్రొత్తయూరికి తరలినవి. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురమున కొలువుదీరెను. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును సంపూర్ణముగ విప్పి, పునాది బాగుచేసి, దాదాపు రెండు దశాబ్దుల జాప్యము తరువాత 2024 మార్చిలో తిరిగి తెరచిరి. విప్పుట యొకనాటి పని, కూర్చుట యొకతరపు పని యని ఆ మండపము చూచినవారికి విశదమే.

జటప్రోలు కథలో మఱచిపోగూడని సంగతి యొకటి. గుళ్లు తరలినవి గాని కోటగోడలు, ఇండ్లు, వీథులు నీటిక్రింద నుండిపోయినవి. దేవుని కాపాడుకొందుము, నగరమును పోనిత్తుము. సురభి మాధవరాయలు చంద్రికాపరిణయము రచించిన చోటు ఎండకాలమున నీరు తగ్గినపుడు బురదపలకగ కనబడునంతవఱకే మనకు మిగిలినది.

ఇక చుట్టుపట్ల కోటలు. వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘనపురము గోనవంశీయుల పేరుతో ముడిపడినది. నాగర్‌కర్నూలు చేరువనున్న నందివడ్డెమాను, అనగా నాటి వర్ధమానపురము, రంగనాథ రామాయణకర్తగ ప్రసిద్ధుడైన గోనబుద్ధారెడ్డి వంశమునకు రాజధాని. అడవి బాపిరాజు నవల చదివి గోన గన్నారెడ్డిని ప్రేమించిన తెలుగువారు లక్షలాదిగ నుండియు, ఘనపురము కొండ యెక్కినవారు కొద్దిమంది. పానగల్లు కోట బహమనీ విజయనగర రాజ్యముల నడుమ నలిగినది. ఘనపురము, పానగల్లు దుర్గములు రెండును ఊరినంటియుండియు ఊరికి పట్టనివై, గుప్తనిధుల వేటగాండ్రకు మాత్రము పట్టినవై యున్నవి. మా పాలమూరు సీమలో పాతకోటకు ప్రథమశత్రువు వానయు కాదు, మఱ్ఱివేరును కాదు. అమావాస్యనాటి రాత్రి గడ్డపాఱయు, నిమ్మకాయయు పట్టుకొని వచ్చు ఆశపోతు. వాడు త్రవ్వినచోట నందికి కడుపు చీలును, గుమ్మమునకు కాలు విఱుగును. వానికి దొరకునది సాధారణముగ శూన్యమే యైనను, ఏ పొర ఏ కాలపుదో చెప్పగల మట్టి ఆ గోతితోనే తారుమారగును.

గద్వాల తీరు వేఱు. పెదసోమభూపాలుడు, జనుల నోట నలసోమనాద్రి, నెలకొల్పిన ఆ కోట మట్టితోను రాతితోను కట్టినది. కర్నూలు నవాబుపై ఆయన సాధించిన గెలుపునకు చిహ్నముగ చూపు ఫిరంగి యిప్పటికిని అచ్చట కలదు. విద్వద్గద్వాల యను బిరుదు తెచ్చిన కవిపండిత సత్కారములు ఆ ప్రాకారములోననే జరిగినవి. తిరుపతి వేంకటకవులవంటి అవధానులు పాలమూరు సంస్థానములలో చేసిన దిగ్విజయములకు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సభలే వేదికలు. సంస్థానము 1924 పిదప మహారాణీ ఆదిలక్ష్మీదేవమ్మ పాలనలో నుండెను. నేడు ఆమెపేర వెలసిన ప్రభుత్వ డిగ్రీ కళాశాల కోటలోపలనే నడచుచున్నది, పొరుగున చెన్నకేశవస్వామి పూజలందుకొనుచున్నాడు. అందుచేత గద్వాల కోట చచ్చిన కోట కాదు, కాపురమున్న కోట. కాపురమున్న యింటికి రెండు విధముల ఫలము కలుగును: కప్పు కాఱినచో అడుగువాడొకడుండును, గోడ అడ్డమైనచో పడగొట్టువాడును ఒకడుండును. పాత ప్రాకారము పడినచోట రాళ్లు ఇండ్లపునాదులలో చేరుట, కందకము పూడి స్థలముగ మాఱుట, తరగతిగదికి పాతగోడపై క్రొత్త సిమెంటు గోడ లేచుట, వీనిలో ఏదియు దురుద్దేశముతో జరిగినది కాదు, అవసరముతో జరిగినది. గద్వాలకు కావలసినది పియెర్‌ఫోను వైభవము కాదు. కళాశాలయు, గుడియు, పట్టణమును కలిసి అంగీకరించిన ఒక నక్షా, ఏ గోడ ముట్టరాదో ఏ గది వాడుకొనవచ్చునో తెలుపు గీత. వనపర్తి రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల ప్రవేశించుటచే ఆ భవనము నిలిచినది. ఆ దారి గద్వాలకు కొంతవఱకే వర్తించును, ఏలయన ప్రాసాదము గది, కోట గోడ. గదిలో పాఠము చెప్పవచ్చును. గోడలో ఏమి చెప్పుదుము?

కోటను, దొరల గడీని ఉద్ధరింపవలెనన్నప్పుడు తెలంగాణమున మఱియొక చిక్కు కలదు, దానిని దాటవేయుట న్యాయము కాదు. వెట్టిచాకిరి చేసిన తాత కథ విన్న మనుమనికి గడీ గోడ కళాఖండముగ కనబడవలెననుట అత్యాశ. ఫ్రెంచి రైతు శిస్తుపత్రము తగులబెట్టిన చేతికిని, 1940లలో మన పల్లెలలో గడీలపైకి లేచిన చేతికిని పోలిక లేకపోలేదు. అట్లున్నను కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటను వంశీయులే పూనుకొని, నిపుణుల సాయముతో, సున్నపుపనివారిని వెదకి తెచ్చి చక్కదిద్దించిరి. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారములలో దానికి మన్నన లభించెను. ఆ పని యోగ్యమే. కాని ఉద్ధరింపబడిన కోటలో దొరగారి కుర్చీ యున్నంత వివరముగ వెట్టివాడు నడచిన దారి యెటుండెనో చూపనంతవఱకు చరిత్ర సగమే ఉద్ధరింపబడినదని నేననుకొందును. గద్వాల సీమలో పుట్టి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిన సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి జనుల తిండి, బట్ట, ఆటపాటలను వెదకిన పద్ధతి కోటగోడలకును వర్తింపదగినదే.

పనిముట్ల సంగతి కొంత. పాతగోడకు సిమెంటు శత్రువని నిపుణులందఱును ఏకకంఠముగ చెప్పుదురు, కారణము స్పష్టము. సున్నము మెత్తనిది, ఊపిరి పీల్చునది. గోడలోని తేమను బయటికి పోనిచ్చును, గోడ కదలినచో తాను చీలి రాతిని కాపాడును. సిమెంటు రాతికంటె గట్టిపడి, తేమను లోపల బంధించి, ఉప్పు పేరుకొనజేసి, చివరకు రాతినే పొరలుపొరలుగ రాల్చును. హైదరాబాదున కుతుబ్‌షాహీ సమాధులపై గతశతాబ్దిలో పూసిన సిమెంటును 2013 మొదలుకొని ఆగాఖాన్ ధర్మనిధివారు పదియేండ్లకు పైగా చెక్కి తీయించి, గానుగసున్నము తిరిగి పూయించిరి. పూసినవారికంటె తీసినవారికి ఎక్కువ కాలము పట్టినది. గానుగలో నలిగిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపు వాడుక మన మేస్త్రీలకు తరతరములనుండి గలదు. ఆ కరక్కాయ నల్లమల చెంచులు ఏరి తెచ్చు సరుకే. ఫ్రాన్సులో గెదెలాన్ అనుచోట 1997 నుండి పదుమూడవ శతాబ్ది పద్ధతులతోనే, ఆ కాలపు పనిముట్లతోనే, ఒక క్రొత్తకోటను నెమ్మదిగ కట్టుచున్నారు. పాతకోటను క్రొత్తగ చేయుటకు మాఱుగ, పాతపనిని క్రొత్తకోటమీద నేర్చుకొనుట! 2019లో పారిసు నగరపు నోత్ర్ దామ్ ప్రార్థనామందిరపు కప్పు కాలిపోయినపుడు ఆ దూలముల పనికి అచ్చట చేయి తిరిగిన వడ్రంగులు పనికివచ్చిరి. మన యొద్ద అట్టి సున్నపుపాఠశాల ఒకటి గద్వాలలోనో వనపర్తిలోనో ఎందుకుండరాదు? పాలిటెక్నిక్ కళాశాల రాజప్రాసాదముననే యున్నది కదా.

అమ్రాబాదు కోటకు ఈ సున్నపు చర్చలో సగము వర్తింపదు. ఈ పీఠభూమిపై పైపొరగ పఱచుకొన్నది శ్రీశైలపు క్వార్ట్‌జైటు. పలకలుగ సహజముగ చీలునట్టి గట్టిరాయి. అట్టి రాయి దొరకుచోట అడుసుతోను సున్నముతోను పనిలేక పేర్చిన ప్రాకారములు బరువుచేతనే నిలుచును, బరువుచేతనే జాఱును. వాని కీళ్లలో రావి, జువ్వి మొలకెత్తినప్పుడు వేరు మొదట సన్నని మేకువలె దూరి, తరువాత జాకీవలె ఎత్తును. చెట్టు పెరిగిపోయినపిమ్మట దానిని లాగినచో వేరుతోపాటు గోడ వచ్చును. కావున మొదలు నఱికి, వేరును అచ్చటనే చావనిచ్చి, కుళ్లినకొలది చిన్నరాళ్లతో సందు నింపుట పద్ధతి. ఇది యంత్రములు, గుత్తేదారులు చేయు పని కాదు. కొన్నేండ్లపాటు వానకాలము వెళ్లినంతనే వచ్చి చూచి పోవు ఓపికగల చేతుల పని.

ఆ చేతులు ఎచ్చటివో వెదుకనక్కరలేదు. ఈ ప్రదేశము 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యమున చేరినది. రాష్ట్రవిభజన తరువాత తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగ 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో వేఱుపడినది. అరణ్యశాఖవారు చెంచులను కాపలాదారులుగ, దారి చూపువారుగ నియోగించుచున్నారు. పులి జాడ పట్టినవానికి గోడ జాడ పట్టుట కష్టమా? అడవిచట్టము కోటకు అడ్డమని విలపించువారున్నారు గాని నా దృష్టిలో ఆ చట్టమే ఇన్నాళ్లు కోటను కాచినది. అభయారణ్యము కానిచో ఆ కొండపైకి ఈపాటికి తారురోడ్డును, రోడ్డు చివర హోటలును, హోటలుకొఱకు కోటరాళ్లతో కట్టిన ప్రహరియు వచ్చియుండెడివి. 2019లో యురేనియము వెదకులాట వార్త పుట్టినపుడు నల్లమలయంతయు లేచి వలదనెను, ఆ సెప్టెంబరులో శాసనసభయు వలదని తీర్మానించెను; గుట్టలలో గొట్టము దించనీయని ఊరు కోటలో క్రేను దించనీయదని ఆశింపవచ్చును.

ఇట్లనుట కోటను ఎవరును చూడరాదనుట కాదు. చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతరకై కొలదిదినములు అడవిద్వారము తెరచి, వేలకొలది జనమును లోయలోనికి పోనిచ్చి, మరల మూసివేయు అలవాటు అరణ్యశాఖకు కలదు. దేవునికొఱకు చేయగలిగిన యేర్పాటు కోటకొఱకును, అంతకంటె చాల తక్కువ జనముతో, చేయవచ్చును. దారి చూపువాడు చెంచువాడు కావలెను, నడక కాలినడక కావలెను, కట్టు క్రొత్తగోడ ఒక్కటియు కారాదు. కూసీని కూలినదానిగ నిలుపుకొన్న దేశము మనకన్న బీదది కాదు గదా. పడిపోయిన ద్వారబంధము పడిపోయినచోటనే యుండవచ్చును. పడబోవుదానికి మాత్రము ఊత కావలెను.

అన్నిటికంటె ముందు చేయవలసినది, ఖర్చు తక్కువయు ఫలము మిక్కుటమునైనది, కొలత. ఈ ప్రాకారము ఎంత పొడవున్నది, ఎన్ని ద్వారములు, ఎన్ని బురుజులు, ఎచ్చట నీటిగుంట, ఎచ్చట శాసనము చెక్కిన బండ, ఎచ్చట తరువాతి కాలపు అతుకు అని సంపూర్ణముగ గీసిన నక్షా చేతిలోనున్నప్పుడే ప్రతాపరుద్రుని పేరు ఎంతవఱకు సమంజసమో తేలును. 2017 నాటి తెలంగాణ వారసత్వచట్టము ప్రకారము ఆ పని పురావస్తుశాఖది, నేల అరణ్యశాఖది, కావున ఇద్దఱి సంతకము లేక అడుగు పడదు. వర్షకాలమున అడవి మూసియుండును, ఆకు దట్టమై గోడ కనబడదు. చైత్రవైశాఖములలో కార్చిచ్చు భయము. ఆకు రాలి, గడ్డి ఎండి, నిప్పు ఇంకను అంటుకొనని మాఘమాసమే ఈ సర్వేకు తగినది. గొలుసుతో కొలుచువారు నలుగురు, గీయువాడొకడు, దారి తెలిసిన చెంచులు ఇద్దఱు చాలుదురు. రెండు మూడు మాఘమాసములు వరుసగ పట్టవచ్చును.